హాలోవీన్ మూలాలు: సౌవిన్ సిద్ధాంతం, ఆత్మల రొట్టె చరిత్ర

వ్యాససంగ్రహం:

అక్టోబరు 31 రాత్రి జరుపుకునే హాలోవీన్ రెండువేల ఏళ్లనాటి కెల్టిక్ మృతారాధనకు కొనసాగింపు అన్న అభిప్రాయం బహుళప్రచారంలో ఉంది. ఆ అభిప్రాయానికి ఆధారాలుగా చూపుతున్న ఐరిష్ కథలను, చర్చి పంచాంగ చరిత్రను, 18, 19 శతాబ్దాల పండితుల ఊహలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాచీన మూలాన్ని వెదికే ఉత్సాహంలో, లిఖితసాక్ష్యం ఉన్న మధ్యయుగ ఆచారం ఒకటి, చనిపోయినవారి పేరిట పేదలు ఇల్లిల్లూ తిరిగి రొట్టె అడగడం, మరుగున పడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హాలోవీన్, సౌవిన్, సకల పునీతుల పండుగ, ఆత్మల రొట్టె, జానపద విజ్ఞానం, సమాధుల పండుగ.

1. ఉపోద్ఘాతం:

హాలోవీన్ పేరు తెలుగువారికి ఇటీవలి పరిచయం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్టోబరు 31 సాయంత్రం వేషాలు వేసుకుని ఇరుగుపొరుగు ఇళ్ల తలుపులు తడుతున్నారు. హైదరాబాదులో కొన్ని పాఠశాలలు, కార్యాలయాలు, నివాస సముదాయాలు సైతం ఆ రోజున గుమ్మడికాయ దీపాలు అలంకరిస్తున్నాయి. పండుగతోపాటు పండుగ పుట్టుకను వివరించే కథనమూ వచ్చింది. ఆ కథనం స్థూలంగా ఇలా ఉంటుంది: రెండువేల ఏళ్ల క్రితం కెల్టు జాతులవారు అక్టోబరు 31 రాత్రి సంవత్సరాది జరుపుకునేవారు, ఆ రాత్రి మృతులు ఇళ్లకు తిరిగివస్తారని నమ్మి, వారి కంటబడకుండా మారువేషాలు వేసుకునేవారు, రోమన్లు పాలకులుగా వచ్చి తమ ఫలదేవత పొమోనా పండుగను దానికి జోడించారు, ఆ తరువాత చర్చి ఈ పండుగను అణచలేక, అదే తేదీకి సకల పునీతుల పండుగను తెచ్చిపెట్టింది, చివరకు ఐరిష్ వలసదారులు దీన్ని అమెరికాకు చేర్చారు.

ఈ కథనంలోని ఆఖరి వాక్యంలో చాలా భాగం నిజం. మిగిలిన వాక్యాలలో ఏది ఏ ఆధారం మీద నిలిచి ఉంది, ఏది ఎప్పుడు ఎవరు చేర్చారు అన్నది విడివిడిగా చూడవలసిన విషయం. పొమోనా సంగతి వెంటనే తేల్చవచ్చు. ఆమెకు రోమునగరంలో ప్రత్యేక అర్చకుడు ఉన్నాడు గాని, లభ్యమైన రోమన్ పంచాంగాలలో ఆమె పేరిట నిర్ణీతమైన పండుగ లేదు. హాలోవీన్ ఆటల్లో ఆపిల్ పండ్లు కనిపించడమే ఆమెను ఈ కథలోకి లాక్కొచ్చింది. ఆ కాలం ఆపిల్ కోతకాలమన్న సంగతి గుర్తుంటే దేవత అవసరం రాదు.

2. పేర్లు, వ్యుత్పత్తులు:

హాలోవీన్ అన్న పేరు పూర్తిగా క్రైస్తవ పదజాలం. పునీతుడు అనే అర్థంలో పాత ఇంగ్లీషులో వాడిన మాట నుంచి ‘హాలో’, సాయంకాలం అనే అర్థమున్న ‘ఈవెన్’ కలిసి, కాలక్రమంలో కుదించుకుపోయి, ‘సకల పునీతుల పండుగకు ముందురాత్రి’ అన్న అర్థాన్నిస్తున్నాయి. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రచించి 1786లో ప్రచురించిన ‘హాలోవీన్’ కవిత ఈ రూపానికి సాహిత్యగౌరవం కల్పించింది. ఆ కవితలో ప్రధానంగా ఉన్నవి భూతప్రేతాలు కావు, పెళ్లి శకునాలు. యువతీయువకులు కళ్లు మూసుకుని పెరట్లో ఆకుకూర మొక్కను పెరికి, దాని కాడ వంకరగా ఉందా నిటారుగా ఉందా అన్నదాన్నిబట్టి కాబోయే జీవిత సహచరుని రూపాన్ని ఊహిస్తారు. రెండు కాయలను నిప్పుల్లో పక్కపక్కన వేసి, అవి కుదురుగా కాలితే కాపురం కుదురుతుందనీ, చిటపటలాడి ఎగిరిపడితే కుదరదనీ చెప్పుకుంటారు. ఈ కవిత చదివినవారికి 18వ శతాబ్ది స్కాట్లండు పల్లెల్లో ఈ రాత్రి భయానికంటే పరిహాసానికే ఎక్కువ చోటిచ్చిందని అర్థమవుతుంది.

తెలుగు రచనల్లో అక్షరాలను అనుసరించి ‘సంహైన్’ అని రాస్తున్న మాటకు నేటి ఐరిష్ ఉచ్చారణ ‘సౌవిన్’కు దగ్గరగా ఉంటుంది. దానికి మధ్యయుగ ఐరిష్ పండితులు ‘వేసవి ముగింపు’ అని వ్యుత్పత్తి చెప్పారు. ఇందులో మొదటి భాగమైన ‘సమ్’ ఐరిష్‌లో వేసవికి పేరు. భాషావేత్తలు దీన్ని సంస్కృతంలో సంవత్సరం అనే అర్థమున్న ‘సమా’ శబ్దానికి జ్ఞాతిగా గుర్తించారు. రెండవ భాగాన్ని ‘ముగింపు’గా విడదీయడం మాత్రం లౌకిక వ్యుత్పత్తి. విట్లీ స్టోక్స్ అనే పండితుడు మరో మార్గం సూచించాడు: ఇది ‘కూడిక’ అనే అర్థమున్న ప్రాచీన కెల్టిక్ పదమనీ, వైదిక భాషలోని ‘సమన’ శబ్దానికి బంధువనీ.

స్టోక్స్ గురించి తెలుగు పరిశోధకులు తెలుసుకోదగిన సంగతి ఒకటుంది. డబ్లిన్‌లో పుట్టిన ఈ న్యాయవాది 1862లో భారతదేశానికి వచ్చి, మద్రాసు, కలకత్తాలలో ఇరవై ఏళ్లు ఉద్యోగం చేశాడు. 1877 నుంచి 1882 వరకు గవర్నర్ జనరల్ మండలిలో న్యాయశాఖ సభ్యుడు. సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ చట్టాల రూపకల్పనలో పాలుపంచుకుంటూనే, తీరిక వేళల్లో పాత ఐరిష్ గ్రంథాలను పరిష్కరించాడు. ఆయన పరిష్కరించిన వాటిలో ఒక పంచాంగకావ్యం ఈ వ్యాసవిషయంలో కీలకసాక్ష్యంగా ముందు రానుంది.

వ్యుత్పత్తుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక హెచ్చరిక. అమరకోశం యమునికి ‘శమనుడు’ అనే పేరును చెబుతుంది. ‘సంహైన్’ అన్న రాతను, ‘శమన’ శబ్దాన్ని పక్కపక్కన పెట్టి, కెల్టుల మృత్యుదేవత మన యముడేనని తేల్చడం చాలా సులువు. పదాల చరిత్రను పక్కనబెట్టి, చెవికి వినిపించే పోలికను పట్టుకుంటే ఇటువంటి సంబంధాలు ఏ రెండు భాషల మధ్యనైనా దొరుకుతాయి. ఐర్లండులో 18వ శతాబ్ది చివర ఈ పని సాక్షాత్తు జరిగింది. చార్లెస్ వాలెన్సీ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు ఐరిష్ భాషకు ప్రాచ్యభాషలతో బంధుత్వం కల్పిస్తూ సంపుటాలు ప్రకటించాడు. సౌవిన్ అనేది పండుగ పేరు కాదనీ, మృతులకు తీర్పు చెప్పే దేవుని పేరనీ రాసింది ఆయనే. అటువంటి దేవుడు మధ్యయుగ ఐరిష్ వాఙ్మయంలో ఎక్కడా లేడు. ఆయన మాత్రం రెండు శతాబ్దాలు దాటినా ప్రజాదరణ పొందిన పుస్తకాలలో కొనసాగుతూనే ఉన్నాడు.

3. ఐరిష్ కథలు చెప్పేదెంత?

సౌవిన్ ఒక పెద్ద పండుగ అనడంలో సందేహం లేదు. సంవత్సరంలోని నాలుగు సంధిదినాలలో దాన్ని ఒకటిగా చెప్పే కథలున్నాయి. సుమారు క్రీ.శ. 1100 నాటి వ్రాతప్రతిలో దొరికే కుహులిన్ కథ ఒకటి, అల్‌స్టర్ వీరులు సౌవిన్‌కు ముందు మూడు రోజులు, తరువాత మూడు రోజులు కూడి ఆటలు, విందులు, ప్రగల్భాలతో గడిపేవారని వర్ణిస్తుంది. రాజులు సభలు తీర్చేదీ, కప్పాలు వసూలయ్యేదీ, మందలు వేసవి మేతబీళ్ల నుంచి ఇంటిదారి పట్టేదీ ఈ కాలంలోనే. పశుపాలక సమాజానికి ఇది కోతలకు మించిన కీలక సమయం: చలికాలమంతా మేపగలిగిన పశువులెన్ని, కోయవలసినవెన్ని అన్న లెక్క ఇప్పుడే తేలాలి.

ఈ కథలలో అద్భుతాంశం పుష్కలంగా ఉంది. దిబ్బల కింద నివసించే అమానుషజాతి ద్వారాలు ఆ రాత్రి తెరుచుకుంటాయి. అన్నిటిలోనూ ‘నెరా సాహసం’ అనే కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సౌవిన్ రాత్రి క్రువహన్ కోటలో రాజు ఐలిల్ ఒక పందెం పెడతాడు: ముందురోజు ఉరితీసిన బందీ పాదానికి తీగె చుట్టి రాగల ధైర్యవంతునికి బహుమతి. నెరా వెళ్లి చుడతాడు. ఉరికొయ్యకు వేలాడుతున్న శవం దాహమంటుంది. నెరా దాన్ని వీపున మోసుకుని ఇళ్లవెంట తిరుగుతాడు. మొదటి ఇంటి చుట్టూ నిప్పు ఉంటుంది, ఎందుకంటే ఆ ఇంటివారు పడుకునేముందు పొయ్యి నిప్పును కప్పి భద్రం చేశారు. రెండవ ఇంటిని నీరు కాపాడుతుంది, అక్కడ మురికినీళ్లు నిలవ ఉంచలేదు. మూడవ ఇంట్లో కడుగునీళ్ల తొట్టి, ఎంగిలినీళ్ల పాత్ర అలాగే ఉన్నాయి. శవం ఆ నీరు తాగి, ఆఖరి గుక్కను ఇంటివారిమీద ఉమ్ముతుంది. వారంతా చనిపోతారు. ఆ తరువాత నెరా గుహమార్గాన అమానుషలోకంలోకి ప్రవేశించి, తన మాట నమ్మించడానికి వేసవిలో మాత్రమే దొరికే అడవి వెల్లుల్లి, ప్రిమ్‌రోజ్ పూలు, బంగారు ఫెర్న్ ఆకులు పట్టుకుని తిరిగివస్తాడు.

చనిపోయినవాడు ఇల్లిల్లూ తిరిగి దాహమడగడం హాలోవీన్ తలుపుతట్టుడుకు ఆదిరూపమని చెప్పాలన్న కోరిక ఎవరికైనా పుడుతుంది. అయితే కథను నిదానంగా చదివితే, ఇందులో మృతుని ఎవరూ ఆహ్వానించలేదు, అతనికోసం ఏదీ సిద్ధంగా పెట్టలేదు, వేషం ఎవరూ వేయలేదు. కథకుడు దీన్నుంచి తీసిన నీతి గృహశుభ్రతకు సంబంధించింది: రాత్రిపూట నిప్పు కప్పకుండా, మురికినీళ్లు పారబోయకుండా పడుకోరాదని. ఈ కథలో శవం ఒక్కటే. మిగిలినవారు దిబ్బలలోని అమానుషులు. సౌవిన్ కథలన్నిటా భయం వారివల్లనే. పితృదేవతలకు నైవేద్యం పెట్టే వర్ణన వీటిలో లేదు.

మరొక చిక్కు కాలానిది. ఈ కథలను లిపిబద్ధం చేసినవారు క్రైస్తవ విద్యలో ఆరితేరినవారు. వారి కాలానికి ఐర్లండు క్రైస్తవమై కనీసం మూడు నాలుగు శతాబ్దాలు గడిచాయి. సౌవిన్ రాత్రి డ్రూయిడ్ పూజారులు త్లఖ్గా కొండమీద నిప్పు రాజేసేవారనీ, దేశమంతటా పొయ్యిలు ఆర్పి ఆ నిప్పునుంచే తిరిగి వెలిగించేవారనీ తరచు చెబుతారు. ఈ వర్ణన 17వ శతాబ్ది చరిత్రకారుడు జెఫ్రీ కీటింగ్ గ్రంథం ద్వారా వ్యాపించింది. అంటే, చెప్పబడిన కాలానికీ చెప్పిన కాలానికీ మధ్య వెయ్యేళ్లకు పైగా దూరం.

ఐర్లండుకు వెలుపల దొరికే ఒకే ఒక ప్రాచీన ఆధారం 1897లో ఫ్రాన్సులోని కొలీనీ వద్ద ముక్కలుగా బయటపడిన కంచు పంచాంగం. గాలిష్ భాషలో చెక్కిన దానిలో ‘సమోన్’ నెలకు సంబంధించి ‘మూడు రాత్రులు’ అన్న నమోదు ఉంది. పేరు పోలిక బలంగానే ఉంది. ఆ నెల శీతకాలారంభంలో వచ్చేదా, వేసవిలో వచ్చేదా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ మూడు రాత్రులలో ఏం చేసేవారో పలక చెప్పదు.

4. సంవత్సరాది, మృతుల పండుగ: సిద్ధాంతం పుట్టిన తీరు:

సౌవిన్ కెల్టుల సంవత్సరాది అన్న మాటకు కర్త ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ రీస్. 1886లో ఇచ్చిన ఉపన్యాసాలలో ఆయన దీన్ని ప్రతిపాదించాడు. అప్పటికి కొలీనీ పలక ఇంకా మట్టిలోనే ఉంది. వేల్స్, మాన్ దీవి ప్రాంతాల్లో తన కాలపు పల్లెజనం పాటించే ఆచారాలు, ముఖ్యంగా కౌళ్లు, కూలి ఒప్పందాలు నవంబరులో మొదలుకావడం, ఆ రోజుల్లో భవిష్యత్తు చెప్పించుకోవడం వంటివి ఆయనకు ఊతమిచ్చాయి. 19వ శతాబ్ది ఆచారం నుంచి వెనక్కు నడిచి క్రీస్తుపూర్వ విశ్వాసాన్ని పునర్నిర్మించడం ఆనాటి జానపద విజ్ఞానంలో అంగీకృతమైన పద్ధతి. పల్లెటూరి ఆచారమంటే మారనిదని, పామరుడు తనకు తెలియకుండానే ఆదిమమతాన్ని మోసుకొస్తున్నాడని దాని వెనుక నమ్మకం.

ఈ పద్ధతికి అత్యంత ప్రభావశీలమైన ప్రతినిధి జేమ్స్ ఫ్రేజర్. ‘ద గోల్డెన్ బౌ’ తొలిముద్రణ 1890లో వెలువడింది. 1906 నుంచి 1915 వరకు వచ్చిన మూడవ ముద్రణ పన్నెండు సంపుటాలకు పెరిగింది. నవంబరు 1 సకల పునీతులకు, నవంబరు 2 సకల ఆత్మలకు చర్చి కేటాయించడం కారణం లేకుండా జరగదని, అంతకుముందే అక్కడొక మృతుల పండుగ ఉండి తీరాలని ఆయన వాదించాడు. వాదం వలయాకారంలో ఉంది. చర్చి పండుగ నుంచి కెల్టిక్ పండుగ స్వభావాన్ని ఊహించి, ఆ ఊహను తిరిగి చర్చి పండుగకు కారణంగా చూపడమే ఇందులో జరిగింది. ఇంగ్లండు చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ 1996లో ప్రకటించిన ‘స్టేషన్స్ ఆఫ్ ద సన్’ ఈ బలహీనతను ఆధారసహితంగా చూపింది.

చర్చి పంచాంగం చరిత్ర చూస్తే వలయం విడిపోతుంది. పోపు నాలుగవ బోనిఫేస్ రోములోని పాంథియన్ దేవాలయాన్ని కన్య మరియమ్మకు, వేదసాక్షులకు అంకితం చేసింది 7వ శతాబ్ది తొలిభాగంలో, మే 13న. సకల పునీతుల సామూహిక స్మరణ తొలిదశలో వేర్వేరు చోట్ల వేర్వేరు తేదీల్లో జరిగింది. నవంబరు 1 అనే తేదీ సుమారు 800 నాటికి ఇంగ్లండు, జర్మనిక్ ప్రాంతాల చర్చిలలో కనిపిస్తుంది. ఆల్క్విన్, అతని మిత్రుడు, సాల్జ్‌బర్గ్ అధిపతి ఆర్నో దాన్ని ప్రోత్సహించారు. 835లో చక్రవర్తి లూయీ ద పయస్ తన రాజ్యమంతటా ఆ తేదీని నిర్దేశించాడు. మరి అదే కాలంలో ఐర్లండు ఏం చేస్తోంది? సుమారు 800 నాటి ఓయెంగస్ పంచాంగకావ్యం, దానికి తోడైన తలా మఠ పంచాంగం సకల పునీతుల స్మరణను ఏప్రిల్ 20న పేర్కొన్నాయి. ఓయెంగస్ కావ్యాన్ని 1880లో ప్రకటించింది భారతదేశంలో ఉద్యోగం చేస్తున్న స్టోక్స్. సౌవిన్‌ను కప్పిపుచ్చడానికే చర్చి నవంబరు 1ని ఎంచుకుని ఉంటే, ఆ అవసరం అందరికంటే ముందు కలగవలసింది ఐరిష్ చర్చికి. వారు వసంతంలో జరుపుకుంటుండగా, నవంబరు తేదీ జర్మనిక్ ఉత్తరాపథం నుంచి వచ్చింది. ఈ ఒక్క సాక్ష్యంతో సౌవిన్ ప్రభావం శూన్యమని తేలదు. రెండు పండుగలు ఒకే తేదీకి చేరాక ఐర్లండు, స్కాట్లండులలో ఒకదానిలోకి మరొకటి ఇంకి ఉంటుంది. కాని ‘చర్చి తెచ్చిపెట్టింది’ అన్న వాక్యం నిలబడదు.

నవంబరు 2కు మాత్రం కర్త స్పష్టం. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో సుమారు 1000 ప్రాంతంలో తన మఠాలన్నిటా ఆ రోజు మృతవిశ్వాసులందరికోసం ప్రార్థనలు, దానధర్మాలు జరపాలని ఆదేశించాడు. మృతులతో హాలోవీన్‌కున్న బంధానికి నికరమైన లిఖితమూలం ఇదే.

5. ఆత్మల రొట్టె:

తెలుగు కథోలికులు ‘ఉత్తరించు స్థలం’ అని పిలిచే పరిశుద్ధి స్థలాన్ని గూర్చిన విశ్వాసమే మధ్యయుగ యూరప్‌లో నవంబరు 2కు ప్రాణం. అక్కడ బాధపడుతున్న ఆత్మకు భూమ్మీద ఉన్నవారి ప్రార్థన, ఉపవాసం, దానం ఊరటనిస్తాయి. దానం పుచ్చుకున్న పేదవాని ప్రార్థన మరీ విలువైనది. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌కు చెందిన మఠవాసి జాన్ మర్క్ 14వ శతాబ్ది చివర రాసిన ప్రసంగాలలో, పూర్వం మంచివారు ఈ రోజున రొట్టెలు కొని తమకు ప్రియమైన ఆత్మల పేరిట పంచేవారని, ఒక్కో రొట్టెతో ఒక్కో ఆత్మను విడిపించాలని ఆశించేవారని చెబుతాడు. ఆచారం ఆయన నాటికే పాతబడినట్టు మాట్లాడడం గమనించాలి. ఆ రాత్రి పొడవునా ఊళ్లలో చర్చిగంటలు మోగేవి.

16వ శతాబ్ది మతసంస్కరణ ఈ లావాదేవీని మూలంలోనే కొట్టివేసింది. ఉత్తరించు స్థలం లేదంటే రొట్టెకు ప్రతిఫలం లేదు. 1547లో మృతుల పూజలకై ఏర్పడిన నిధులను, మందిరాలను రాజ్యం స్వాధీనం చేసుకుంది. సకల ఆత్మల దినం ప్రార్థనగ్రంథంలోనుంచి తొలగిపోయింది. రాత్రి గంటలు నిషిద్ధమయ్యాయి. మొదటి ఎలిజబెత్ కాలంలో కూడా దొంగచాటుగా గంటలు కొట్టినవారిని చర్చి న్యాయస్థానాల ముందు నిలబెట్టిన నమోదులున్నాయి. చనిపోయిన తల్లిదండ్రులకు ఇక చేయగలిగిందేమీ లేదన్న తీర్పును ఊళ్లు వెంటనే ఒప్పుకోలేదనడానికి ఇవి సాక్ష్యాలు. లాంకషైర్ కథోలికులు కొండలమీద కర్రకు గుచ్చిన గడ్డిని వెలిగించి, అది కాలినంతసేపు మోకరించి బంధువుల ఆత్మలకోసం ప్రార్థించే ఆచారాన్ని 19వ శతాబ్ది దాకా నిలుపుకున్నారు. మిగిలిన ఇంగ్లండులో శరత్కాలపు మంట మరో తేదీకి తరలింది. 1605 నాటి తుపాకిమందు కుట్ర భగ్నమైనందుకు పార్లమెంటు నవంబరు 5ను కృతజ్ఞతాదినంగా చట్టం చేసింది.

ప్రార్థన పోయాక అడగడం మిగిలింది. షేక్‌స్పియర్ నాటకం ‘టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా’లో ఒక సేవకుడు దీనంగా మాట్లాడే యజమానిని సకల పునీతుల పండుగనాటి బిచ్చగాడితో పోలుస్తాడు. ప్రేక్షకులకు వెంటనే తట్టే దృశ్యం కనుకనే ఆ హాస్యం పండుతుంది. 1680లలో జాన్ ఆబ్రీ ష్రాప్‌షైర్ ఇళ్లలో బల్లలమీద గోపురాలుగా పేర్చిన ఆత్మల రొట్టెలను, వచ్చినవారు ఒక్కొక్కటి తీసుకుపోవడాన్ని నమోదు చేశాడు. రెండువందల ఏళ్ల తరువాత, అదే ప్రాంతంలో షార్లట్ బర్న్ 1883లో ప్రకటించిన ‘ష్రాప్‌షైర్ ఫోక్‌లోర్’ పాటలు పాడుతూ ఆపిల్ పండ్లు, రొట్టెలు, బీరు అడిగే బృందాలను చూపుతుంది. అప్పటికి అడిగేవారిలో పెద్దలు తగ్గి పిల్లలు మిగిలారు. విక్టోరియా యుగపు నైతికతకు పెద్దవాడు అడిగితే భిక్షాటనం, పిల్లవాడు అడిగితే ముచ్చట.

సౌవిన్ సిద్ధాంతం మరుగుపరచినది ఈ చరిత్రనే. డ్రూయిడ్ పూజారి, కొండమీది మంట, అమానుషుల దిబ్బ ఊహను ఆకట్టుకుంటాయి. చలికాలం ముంగిట, కోతపనులు ముగిసి కూలి దొరకని రోజుల్లో, ఊళ్లోని కలవారి గుమ్మం ముందు నిలబడి ‘మీ వాళ్ల ఆత్మకోసం’ అని చేయి చాచిన పేదది ఆకర్షణ లేని బొమ్మ. ఆమె అడిగింది మాత్రం యాచన ఒక్కటే కాదు. ప్రతిగా ఆమె ఇవ్వగలిగింది ఒకటుంది: ప్రార్థన. ఆ మారకం సాగినంతకాలం ఇచ్చేవానికీ పుచ్చుకునేవానికీ మధ్య ఒక సమానత ఉండేది. అది తెగాక మిగిలినది ఒకవైపు దయ, మరోవైపు అల్లరి బెదిరింపు.

ఐర్లండులో ఆచారానికి వేరే రంగు ఉంది. కార్క్ ప్రాంతంలో 19వ శతాబ్దిలో తెల్లదుప్పటి కప్పుకుని గుర్రపు తల ధరించిన ‘తెల్లగుర్రం’ వెంట యువకులు కొమ్ములూదుతూ పొలాల ఇళ్లకు వెళ్లి పాలు, గుడ్లు, ధాన్యం వసూలు చేసేవారు. ఇవ్వని ఇంటికి దురదృష్టం తప్పదనేవారు. ఇక్కడ సౌవిన్ నాటి పాత ఛాయ ఏదైనా ఉండవచ్చు. వేషం వేసి అడగడం మాత్రం యూరప్‌లో శరత్తు నుంచి క్రిస్మస్ దాకా పలు సందర్భాల్లో కనిపించే సామాన్యాచారం కనుక దాన్ని ఒక్క పండుగకు పరిమితం చేయలేం.

6. గుమ్మడికాయ, అమెరికా:

దీపం చరిత్ర చిన్నది. ఐర్లండు, స్కాట్లండు, పశ్చిమ ఇంగ్లండు పల్లెల్లో టర్నిప్ వంటి దుంపలను తొలిచి ముఖాలు చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టేవారు. డోనెగాల్ ప్రాంతపు దుంపదీపం అచ్చుబొమ్మ ఒకటి ఐర్లండు జాతీయ మ్యూజియంలో ఉంది; ముడుతలు పడ్డ ఆ ముఖం ముందు నేటి నవ్వే గుమ్మడికాయ పసిబిడ్డలా కనిపిస్తుంది. గుమ్మడి అమెరికా ఖండపు పంట. దాన్ని చెక్కి దీపం పెట్టడం అక్కడ తొలుత కోతల పండుగకు, థాంక్స్ గివింగ్ వాతావరణానికి చెందిన పని. హాలోవీన్‌కు చిహ్నంగా స్థిరపడింది 19వ శతాబ్ది చివర.

1845లో మొదలైన ఆలుగడ్డ కరవు ఐర్లండులో సుమారు పదిలక్షల మందిని బలిగొని, అంతకుమించిన సంఖ్యలో జనాన్ని సముద్రం దాటించింది. ఆకలికి ఊరు విడిచినవారు వెంట తెచ్చుకున్న పండుగ అమెరికా నగరాలలో మొదట తినుబండారాల పండుగ కాలేదు. అది కుర్రకారు రాత్రిపూట కంచెల తలుపులు ఊడబెరకడం, బండ్లను ఇంటికప్పుల మీదికి ఎక్కించడం, కిటికీలకు సబ్బు పులమడం వంటి ఆగడాల రాత్రి అయింది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో పురపాలకులు దీన్ని శాంతిభద్రతల సమస్యగా చూశారు. మిన్నెసోటాలోని అనోకా పట్టణం 1920లో ఆ రాత్రికి ఊరేగింపు ఏర్పాటుచేయడం ఆగడాలను దారిమళ్లించడానికే. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అన్న నినాదం 1920 దశకంలో పశ్చిమ కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. 1927లో ఆల్బర్టాలోని బ్లాకీ అనే చిన్న ఊరి వార్తలో పిల్లలు పెరటి తలుపులకూ వీధి తలుపులకూ వచ్చి ఆ మాటతో తాయిలం అడిగినట్టుంది. రెండవ ప్రపంచయుద్ధంలో చక్కెర రేషను ఈ అలవాటును ఆపింది. 1947లో రేషను ఎత్తివేశాక, కొత్తగా వెలసిన శివారు కాలనీల్లో అది దేశవ్యాప్తమైంది. రెండువేల ఏళ్ల పండుగకు గుండెకాయగా భావించే ఆచారం ఆ రూపంలో నూరేళ్లు దాటడం ఇటీవలి మాట.

పండుగలు ఇంత వేగంగా ప్రాచీనతను సంపాదించుకోవడం హాలోవీన్‌కే ప్రత్యేకం కాదు. మెక్సికో నగరంలో మృతుల దినం సందర్భంగా జరిగే భారీ ఊరేగింపు 2016లో మొదలైంది. అంతకుముందు సంవత్సరం విడుదలైన జేమ్స్ బాండ్ చిత్రం ‘స్పెక్టర్’ ప్రారంభదృశ్యం కోసం కల్పించిన ఊరేగింపే దానికి నమూనా. సమాధుల దగ్గర బంతిపూలు, రొట్టెలు పెట్టే కుటుంబాల ఆచారం అంతకంటే ఎంతో పాతది. చూడవచ్చినవారికి రెంటికీ తేడా తెలియడానికి ఒక తరం చాలు, మరచిపోవడానికీ అంతే.

7. తెలుగునేల మీద నవంబరు 2:

శరత్కాలం, దీపం, మృతులు అన్న మూడు అంశాలు కనిపించగానే తెలుగు పరిశోధకునికి మహాలయపక్షం స్ఫురిస్తుంది. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళినాడు సమాధుల వద్ద దీపాలు వెలిగించి పెద్దలకు ఇష్టమైన పదార్థాలు పెట్టడం స్ఫురిస్తుంది. ఇవి హాలోవీన్‌కు బంధువులని చెప్పడానికి చారిత్రకాధారం లేదు. పగలు కుదించుకుపోయే ఋతువులో పోయినవారిని తలచుకోవడం భిన్న సమాజాలలో స్వతంత్రంగా ఏర్పడగల అలవాటు. ఈ పోలికను మూలంగా మార్చితే వాలెన్సీ చేసిన పనే అవుతుంది.

నిజమైన బంధుత్వం మరోచోట ఉంది. క్లూనీ మఠంలో ఓడిలో నిర్దేశించిన తేదీ మిషనరీల ద్వారా తెలుగునేలకు చేరింది. తెలుగు కథోలిక విచారణలు నవంబరు 1న సకల పునీతుల మహోత్సవాన్ని, మరునాడు మృతుల స్మరణను జరుపుకుంటాయి. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఆ రెండవ రోజుకు ‘సమాధుల పండుగ’ అని పేరు. మృతులకోసం చేసే ప్రార్థనను సిద్ధాంతరీత్యా అంగీకరించని ప్రొటెస్టంట్ సంఘాలకు చెందిన కుటుంబాలు సైతం చాలాచోట్ల ఆ రోజు సమాధుల తోటకు వెళతాయి. వర్షాకాలంలో పెరిగిన గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, మాసిన పేర్లమీద మళ్లీ రంగు దిద్ది, బంతిపూలు, చామంతులు పరుస్తారు. సాయంత్రం గురువు వచ్చి సమాధులను ఆశీర్వదిస్తాడు. చీకటిపడేవేళకు కొవ్వొత్తులు వెలుగుతాయి. సమాధుల తోట గేటు దగ్గర ఆ రోజు చిల్లరకోసం, తినుబండారాలకోసం చేయి చాచేవారు వరుసగా కూర్చుంటారు. వచ్చినవారు తమవారి పేరు తలచుకుని వారి చేతిలో ఏదో ఒకటి పెట్టి వెళతారు.